“అమ్మా, ఇలాంటి బూట్లు నిజంగా ఉంటాయా?”

అర్ధరాత్రి దీపం
శనివారం, రాత్రి 10:40

మా అమ్మాయికి ఏడేళ్ళు. ఈ మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని ‘రెడ్ షూస్ అండ్ ద సెవెన్ డ్వార్ఫ్స్’ చూశాం. 2019లో వచ్చిన కొరియా యానిమేషన్ సినిమా. చూడనివారి కోసం రెండు ముక్కలు చెబుతాను. ఇందులో స్నో వైట్ లావుగా ఉంటుంది. కనిపించకుండా పోయిన తండ్రిని వెతికే ప్రయత్నంలో మంత్రపు ఎర్ర బూట్లు తొడుక్కుంటుంది. తొడుక్కోగానే సన్నగా, నాజూకుగా మారిపోతుంది. మరుగుజ్జులు ఏడుగురూ అసలు అందగాళ్ళైన రాకుమారులు. శాపం తగిలి, ఎవరైనా చూస్తున్నంతసేపూ పొట్టిగా, పచ్చగా కనిపిస్తుంటారు. చివరికి కథానాయకుడు ఆమెను అసలు రూపంలోనే ప్రేమిస్తాడు. మంచి మాట చెప్పే కథే కదా అని పెట్టాను.

సినిమా అయింది. పిల్ల రిమోట్ తీసుకుని వెనక్కి తిప్పింది. బూట్లు తొడుక్కునే చోట ఆపి చూసింది. మళ్ళీ తిప్పింది. మూడోసారి చూశాక, నా వైపు తిరగకుండానే అడిగింది: “అమ్మా, ఇలాంటి బూట్లు నిజంగా ఉంటాయా?”

ఉండవన్నాను. “సరే” అంది. అంతే, ఇంకేమీ అనలేదు. నాకు మాత్రం ఆ ‘సరే’ ఇప్పటికీ చెవిలోనే ఉంది. మా పిల్ల కాస్త బొద్దుగా ఉంటుంది. బడిలో ఏదో పేరు పెట్టి పిలుస్తున్నారని పోయిన నెలలోనే తెలిసింది. ఉన్నది ఉన్నట్టుగా బాగున్నావని గంటన్నర సేపు చెప్పిన సినిమాలోంచి అది ఏరుకున్నది ఆ పది సెకన్లు. నేను చెయ్యాల్సిందేమిటో తోచడం లేదు. ఇలాంటి సినిమాలు ఆపెయ్యాలా? కూర్చోబెట్టి మాట్లాడాలా? మాట్లాడితే ఏమని?

ఇద్దరికీ నాన్న
శనివారం, రాత్రి 10:58

కొంచెం ఎక్కువ ఆలోచిస్తున్నారేమోనండీ. ఎగిరే తివాచీ నిజంగా ఉంటుందా అని మా పెద్దవాడు నెలరోజులు నా ప్రాణం తీశాడు. అంతమాత్రాన వాడికి తన కాళ్ళంటే చిన్నచూపు ఏర్పడిందని నేను బెంగపడలేదు. పిల్లలకు మాయ కావాలి. రూపం మారడం ఆ వయసువాళ్ళకు అన్నిటికన్నా పెద్ద మాయ. గుమ్మడికాయ బండి అయినా ఇంతే సరదాగా చూస్తారు.

అర్ధరాత్రి దీపం
శనివారం, రాత్రి 11:03

తివాచీ లేదని మీ వాడిని బడిలో ఎవరూ ఏడిపించరు కదండీ.

ఇద్దరికీ నాన్న
శనివారం, రాత్రి 11:05

ఆ మాట నిజమే. నేను తొందరపడ్డాను.

పాతకథల పెట్టె
శనివారం, రాత్రి 11:47

మీ అమ్మాయి వయసు ఏడేళ్ళని చదివి ఉలిక్కిపడ్డాను. జర్మన్ జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల కథలో రాణి కంటే స్నో వైటే అందగత్తె అని మాయ అద్దం మొదటిసారి చెప్పేనాటికి ఆ పిల్లకూ సరిగ్గా ఏడేళ్ళే. మన కళ్ళకు కట్టిన పదహారేళ్ళ పడుచు కాదు. 1812 నాటి తొలి ముద్రణలో అసూయపడేది సవతి తల్లి కూడా కాదు, కన్నతల్లి. 1819 ముద్రణలో ఆమెను సవతి తల్లిగా మార్చారు.

యాపిల్ పండు అందరికీ గుర్తుంటుంది. అంతకు ముందు రాణి రెండుసార్లు చంపబోయిందని చాలామందికి తెలియదు. మొదటిసారి అమ్ముకునేదానిలా వేషం వేసుకుని, నడుము దగ్గర బిగించి కట్టుకునే రంగురంగుల పట్టుతాడు తెస్తుంది. నేనే కడతానంటూ, పిల్లకు ఊపిరి ఆడనంత గట్టిగా లాగి కడుతుంది. రెండోసారి తెచ్చేది విషం పూసిన దువ్వెన. ఆ తర్వాతే పండు. అంటే ఆ కథలో మొదటి రెండు మారణాయుధాలూ అలంకరణ సామగ్రే! నడుము సన్నగా కనిపించేలా చేసే తాడు ప్రాణం తీసే వస్తువని రెండు వందల ఏళ్ళ కిందటి కథ తేటగా చెప్పింది. 1937లో డిస్నీ తీసిన సినిమాలో తాడూ లేదు, దువ్వెనా లేదు. పండు ఒక్కటే మిగిలింది. నిడివి తగ్గించడానికే తీసేసి ఉండవచ్చు, కానీ నాకు అక్కడ పెద్ద లోటే కనిపిస్తుంది.

ఇక బూట్ల సంగతి. గ్రిమ్ కథ చివర రాణికి పడే శిక్ష ఎర్రగా కాల్చిన ఇనుప బూట్లు. అవి తొడుక్కుని చచ్చి పడేదాకా ఆడాలి. 1845లో డెన్మార్క్ రచయిత ఆండర్సన్ రాసిన ‘ఎర్ర బూట్లు’ కథలో అయితే బూట్లు కాళ్ళను వదలవు, ఆడటం ఆగదు, చివరికి పాదాలు నరికించుకుంటేగాని ఆ పిల్లకు విముక్తి లేదు. పాత కథల్లో ఎర్ర బూట్లంటే వరం కాదు, శిక్ష. అమ్మాయికి ఇది ఇప్పుడే చెప్పండని అనడం లేదు. రాత్రుళ్ళు నిద్ర పట్టదు పాపం.

మిణుగురు
ఆదివారం, ఉదయం 7:20

సిండ్రెల్లా సవతి అక్కలు కూడా గ్రిమ్ కథలో చూడటానికి అందంగానే ఉంటారని ఎక్కడో చదివాను. నిజమేనా?

పాతకథల పెట్టె
ఆదివారం, ఉదయం 8:02

నిజమే. వాళ్ళ ముఖాలు తెల్లగా, అందంగా ఉండేవనీ, మనసులే నల్లగా, వికారంగా ఉండేవనీ అందులో ఉంటుంది. (తెలుపు మంచి, నలుపు చెడు అనే ఆ లెక్క వేరే తగువు. దాన్ని మరో రోజు తెరుద్దాం.) 1697 నాటి ఫ్రెంచి రచయిత పెరో కథలోనూ అక్కలది పొగరే గాని వికారమని ఉండదు, చివరికి సిండ్రెల్లా వాళ్ళను క్షమించి పెద్దింటి సంబంధాలు చూసి పెళ్ళిళ్ళు కూడా చేస్తుంది. వాళ్ళకు చేటల్లాంటి పాదాలు, వంకర ముఖాలు అంటగట్టింది తర్వాత వచ్చిన బొమ్మలవాళ్ళు, నాటకాలవాళ్ళు. 1950 నాటి డిస్నీ సినిమాతో ఆ రూపాలే ప్రపంచమంతటా స్థిరపడ్డాయి. అందమైన ముఖం వెనుక దుర్బుద్ధి ఉండవచ్చని చెప్పిన కథ కాస్తా, ముఖం చూసి బుద్ధి పోల్చుకోవచ్చని చెప్పే కథ అయిపోయింది.

నీలి పెన్సిల్
ఆదివారం, ఉదయం 9:35

ఆ పాపంలో నాకూ వాటా ఉంది కాబట్టి ఒప్పుకోలుగా రాస్తున్నాను. నేను పిల్లల ధారావాహికలకు పాత్రల రూపకల్పన చేస్తాను. పనిలో చేరగానే నేర్పే మొదటి పాఠం ఇది: పాత్రకు మొత్తం నల్లరంగు పూసేసి నీడ మాత్రం మిగిల్చినా అది ఎవరో తెలియాలి. అందుకు ఆకారాలే భాష. గుండ్రన అంటే మెతకదనం, చతురస్రం అంటే మొండితనం, త్రిభుజం అంటే ప్రమాదం. మొదటి రెండు సెకన్లలో చూసేవాడికి అర్థమైపోవాలి, కథ చెప్పడానికి మాకు సమయం తక్కువ. ఈ పొదుపులోనే పాత దురభిప్రాయాలన్నీ ఉచితంగా వచ్చి కూర్చుంటాయి. లావుపాటి మనిషి అనగానే చెయ్యి తనంతట తానే హాస్యగాడిని గీసేస్తుంది.

రెండో సంగతి ఇంకా మొరటుది. త్రీడీలో ఒక శరీరం తయారు చెయ్యాలంటే లోపల ఎముకల చట్రం, కీళ్ళు, కండరాలు వంగే తీరు, బట్టల ముడతలు అన్నీ అమర్చాలి. దాన్ని మేము రిగ్ అంటాం. ఒకసారి చేసిన రిగ్‌కే తలలు మార్చి, జుట్టు మార్చి పదిమంది ఆడపిల్లలను తయారు చేస్తే ఖర్చు కలిసివస్తుంది. వెనుక గుంపులో కనిపించే అమ్మాయిలందరికీ ఒకటే నడుము ఎందుకుంటుందని అడిగేవారికి జవాబు కొంత అభిరుచి, కొంత చిట్టాపద్దులు. అబ్బాయిల దగ్గర ఈ పొదుపు ఎందుకు గుర్తురాదో మాత్రం నన్ను అడగకండి. పొట్టివాడు, పొడుగువాడు, బానపొట్టవాడు, పుల్లలాంటివాడు, అందరికీ విడివిడిగా రిగ్‌లు సాంక్షన్ అవుతాయి.

1937 స్నో వైట్ కోసం మార్జ్ బెల్చర్ అనే నాట్యకత్తెతో అభినయం చేయించి చిత్రీకరించి, ఆ కదలికలను ఆధారంగా పెట్టుకుని బొమ్మలు గీశారు. కదలిక నిజమైన మనిషిది, కొలతలు మాత్రం మనిషివి కావు. బొమ్మలో తల ఒంటికి మించి పెద్దది. ఇప్పటి త్రీడీ రాకుమార్తెల్లో కళ్ళు ఇంకా పెరిగాయి, మణికట్లు ఇంకా తగ్గాయి. ఒకసారి సినిమా ఆపి, రాకుమారి కంటి వెడల్పునూ మణికట్టునూ స్కేలుతో కొలిచి చూడండి. నేను కొలిచాను. చాలాచోట్ల కన్నే గెలిచింది.

‘రెడ్ షూస్’ విషయానికి వస్తే, ఆ సినిమా విడుదలకు ముందే గొడవలో పడింది. 2017లో కాన్ చిత్రోత్సవం దగ్గర పెట్టిన పోస్టరులో ఒకవైపు పొడుగ్గా సన్నగా ఉన్న రాకుమారి, పక్కనే పొట్టిగా లావుగా ఉన్న అదే రాకుమారి. స్నో వైట్ ఇక అందంగా లేకపోతే ఎలా ఉంటుంది అనే అర్థం వచ్చే ప్రశ్న దాని మీద రాశారు. జనం మండిపడ్డారు. స్నో వైట్‌కు గొంతు ఇచ్చిన నటి క్లోయి గ్రేస్ మోరెట్జ్ కూడా ఆ ప్రచారం తనకు తెలియకుండా జరిగిందని బహిరంగంగా తప్పుపట్టింది. నిర్మాతలు క్షమాపణ చెప్పి ప్రచారం వెనక్కి తీసుకున్నారు. సినిమా చూస్తే అది ఆ పోస్టరంత చెడ్డది కాదు. కానీ సినిమా అమ్మడానికి వాళ్ళకు గుర్తొచ్చినది ఆ ఒక్క క్షణమే. మీ అమ్మాయి వెనక్కి తిప్పి చూసినదీ అదే. ఆ పిల్ల తప్పేమీ లేదు, సినిమా మొత్తంలో కష్టపడి తళతళలాడించిన చోటు అదే మరి.

ఎనిమిదో మరుగుజ్జు
ఆదివారం, ఉదయం 10:15

నా పేరు చూసి నవ్వుకుంటే నవ్వుకోండి, పెట్టుకున్నదే అందుకు. నా ఎత్తు 152 సెంటీమీటర్లు.

ఈ చర్చలో ఇంకా ఎవరూ ‘ష్రెక్’ ఊసెత్తలేదు, నేనే ఎత్తుతాను. 2001లో వచ్చింది, యానిమేషన్ చిత్రాల విభాగంలో మొట్టమొదటి ఆస్కార్ దానికే దక్కింది. పగలు అందగత్తెగా, రాత్రిళ్ళు రాక్షసిగా ఉండే రాకుమారి ఫియోనా చివరి ముద్దుతో శాశ్వతంగా రాక్షసిగానే స్థిరపడుతుంది. తాను అందంగా మారాల్సింది కదా అని ఆమె తెల్లబోతుంది. నువ్వు అందంగానే ఉన్నావు అంటాడు రాక్షసుడైన కథానాయకుడు ష్రెక్. గొప్ప ముగింపు. నేనూ చప్పట్లు కొట్టాను.

కానీ అదే సినిమాలో ప్రతినాయకుడు ఫార్క్వాడ్ పొట్టివాడు. అతని కోట ఆకాశమంత ఎత్తుగా ఉండటం చూసి, ఏదో లోటు పూడ్చుకుంటున్నాడు కాబోలని ఒక హాస్యం. గుర్రం మీద దర్జాగా కనిపించిన మనిషిని మరొకరు ఎత్తి కిందికి దించితే నడుము దాకా కూడా రాడని ఇంకో హాస్యం. అతను క్రూరుడు, ఏమన్నా అనండి. కానీ నవ్వేది అతని క్రూరత్వాన్ని కాదే, కాళ్ళ పొడవుని. మొదటిసారి హాస్టల్లో పదిహేను మందిమి కలిసి చూశాం. ఫార్క్వాడ్‌ను గుర్రం దించిన దృశ్యంలో పద్నాలుగు తలలు ఒక్కసారిగా నా వైపు తిరిగాయి. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా ఎక్కువసేపు చూస్తారని.

అందుకే చెబుతున్నాను. సినిమా చివర చెప్పే నీతి కాదు, మధ్యలో దేనికి నవ్వించింది అన్నది చూడండి. రూపాన్ని బట్టి మనిషిని తూచకూడదని తొంభై నిమిషాలు చెప్పినవాళ్ళకు కూడా ఒకడు కావాలి, పక్కన నిలబెట్టి కొలవడానికి.

మిణుగురు
ఆదివారం, ఉదయం 10:31

పద్నాలుగు తలలు అని చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయానండీ.

ఇద్దరికీ నాన్న
ఆదివారం, ఉదయం 11:10

నేను ష్రెక్‌ను కనీసం ఇరవైసార్లు చూసి ఉంటాను. ఆ దృశ్యంలో ప్రతిసారీ నవ్వాను. ఇంకొకరి వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు. ఇకమీదట ఆ నవ్వు అంత తేలిగ్గా రాదు.

ఇంకొక సందేహం. ‘రెడ్ షూస్’లో అమ్మాయి లావుగానే మిగిలిపోతుంది సరే, అబ్బాయి సంగతి ఏమిటి?

ఎనిమిదో మరుగుజ్జు
ఆదివారం, ఉదయం 11:18

అదే నేను అనబోతున్నది! ఆమె అసలు రూపంలో ముద్దు పెట్టగానే కథానాయకుడు మెర్లిన్ శాపం తీరి మళ్ళీ పొడుగాటి అందగాడు అయిపోతాడు. పొట్టితనం శాపం, శాపం తీరితే ఎత్తు. ఆ పచ్చటి పొట్టివాడిగానే మిగిలి ఉంటే నేను ఆ సినిమాకు గుడి కట్టేవాడిని.

ఆ మాటకొస్తే 1996 నాటి ‘హంచ్‌బ్యాక్’ కూడా అంతే (అది జానపద కథ కాదు, హ్యూగో నవల, తెలుసు). గూనివాడు అమ్మాయిని మంటల్లోంచి కాపాడతాడు, అమ్మాయి మాత్రం అందమైన సైనికుడికి దక్కుతుంది. గూనివాడికి దక్కేది ఊరి జనం జేజేలు.

నిర్వాహకులు
ఆదివారం, మధ్యాహ్నం 12:00

పాప బరువు తగ్గించే చిట్కాలు రాసిన రెండు వ్యాఖ్యలను తొలగించాం. ఆ తల్లి అడిగింది అది కాదు.

గణాంకం
ఆదివారం, మధ్యాహ్నం 1:25

సినిమాల వల్లే పిల్లల మనసులు పాడవుతాయా అన్నదానిపై జరిగిన పరిశోధనలు అంత సూటిగా జవాబు చెప్పవు. అమెరికాలో జరిపి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 3 నుంచి 6 ఏళ్ళ ఆడపిల్లలు 121 మందిని తీసుకున్నారు. వారిలో దాదాపు సగం మంది లావైపోతామేమోనని అప్పటికే బెంగపడుతున్నారు. బడికి వెళ్ళీ వెళ్ళని వయసులో! కానీ అందం గురించి మాట్లాడే యానిమేషన్ దృశ్యాలు కొందరికి చూపించి, మామూలు దృశ్యాలు మరికొందరికి చూపించి పోల్చితే, ఆ కాసేపట్లో తేడా ఏమీ కనబడలేదు. బెంగ తెరమీద పుట్టిందని దీన్నిబట్టి చెప్పలేం. తెర చూడకముందే అది ఎక్కడినుంచో వచ్చి చేరింది.

అంతకు ముందు 2003లో ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు గ్రిమ్ కథలు 168 పరిశీలించారు. తర్వాతి కాలంలో పుస్తకాలుగా, సినిమాలుగా పదేపదే తిరిగి పుట్టిన కథలు ఏవంటే, పడుచు కథానాయికల అందాన్ని ఎక్కువగా వర్ణించినవే. మిగతావి పెట్టె అడుగున ఉండిపోయాయి. అంటే పాత కథలన్నీ ఇలాగే ఉంటాయన్నది సగం నిజమే. ఏరుకున్నది మనం.

మిణుగురు
ఆదివారం, మధ్యాహ్నం 3:48

ఎక్కడినుంచో అన్నారు కదా, నాకు తెలిసిన ఒక చోటు చెబుతాను.

2010లో వచ్చిన ‘టాంగిల్డ్’లో ఒక దృశ్యం. రపన్జెల్‌ను ఎత్తుకొచ్చి గోపురంలో పెంచుతున్న గోథెల్ ఆ పిల్లను అద్దం ముందు నిలబెడుతుంది. భుజాల మీద చేతులు వేసి, అద్దంలో ధైర్యవంతురాలైన ఒక చక్కటి యువతి కనిపిస్తోందంటుంది. పిల్ల ముఖం విప్పారుతుంది. వెంటనే, అరె నువ్వు కూడా ఉన్నావే ఇక్కడ, అంటుంది. ఆ పైన, సరదాకు అన్నానులే అని నవ్వేస్తుంది. తర్వాతి పాటలో ముద్దు చేస్తూనే మొద్దువనీ, మురికిదానివనీ, ఈమధ్య ఒళ్ళు కూడా వస్తోందనీ వరస పెడుతుంది. అన్నీ నీ మీద ప్రేమతోనే.

నేను ఆ సినిమా పదమూడేళ్ళప్పుడు చూశాను. గోపురం, మంత్రపు జుట్టు, దీపాల పండుగ ఏవీ నాకు అంతగా గుర్తులేవు. ఆ అద్దం గుర్తుంది. ఎందుకంటే మా ఇంట్లో ఒక పెద్దావిడ నన్ను పలకరించే పద్ధతి అచ్చం అదే. తలుపు తీయగానే ముందు నా ముఖం వైపు కాదు, నడుము వైపు చూసేది. తర్వాత ఒక మాట. ఆ తర్వాత “ఊరికే అన్నానే పిచ్చిదానా” అని ఒక కౌగిలింత. కౌగిలింత నిజమైనదే, అదే వచ్చిన చిక్కు. ఆమెను దుర్మార్గురాలు అని అనుకోవడం నాకు చేతకాలేదు, ఆ మాట అబద్ధం అనుకోవడమూ చేతకాలేదు.

గోథెల్‌ను చూశాకే మొదటిసారి అనిపించింది, ఈ మాటలు నా గురించి కావు, నన్ను గోపురంలో ఉంచడానికి అని. ఒక బొమ్మల సినిమా నాకు అంత పని చేసిపెట్టింది. కాబట్టి అన్నీ ఆపెయ్యకండి దీపం గారూ.

నీలి పెన్సిల్
ఆదివారం, సాయంత్రం 4:20

మిణుగురు గారూ, ఇది చదివాక ఉర్సులా గురించి రాద్దామని ఉంది. ‘లిటిల్ మెర్మెయిడ్’ 1989. సముద్ర మంత్రగత్తె ఉర్సులా రూపాన్ని డివైన్ అనే స్త్రీవేషధారి నటుణ్ణి చూసి మలిచారు. లావుపాటి ఆడమనిషి అంటే విలన్ అనే పాత పద్ధతే, కాదనను. కానీ గీసేవాడిగా చూస్తే ఆ సినిమా మొత్తంలో తన ఒంటిని తాను ఆస్వాదించేది ఉర్సులా ఒక్కతే. పెదవులకు రంగు వేసుకునే తీరు, నడుము తిప్పే తీరు చూడండి. కథానాయిక, మత్స్యకన్య ఏరియల్‌కు తన తోకే నచ్చదు, గొంతు తాకట్టు పెట్టి కాళ్ళు కొనుక్కుంటుంది. ఒళ్ళు నచ్చిన మనిషికి శూలంలాంటి ఓడ ముక్కు గుచ్చుకుని చావు, ఒళ్ళు నచ్చని పిల్లకు పెళ్ళి.

పాతకథల పెట్టె
ఆదివారం, సాయంత్రం 5:05

1837 నాటి ఆండర్సన్ మూలంలో ఇంకో చిన్న ముచ్చట ఉంది. మత్స్యకన్యకు పదిహేనేళ్ళు నిండినప్పుడు, హోదా తెలియాలని నాయనమ్మ ఆమె తోకకు ఎనిమిది పెద్ద ఆల్చిప్పలను కరిపిస్తుంది. నొప్పిగా ఉందని పిల్ల అంటే, దర్జా కావాలంటే ఓర్చుకోవాలి అంటుంది పెద్దావిడ. మిణుగురు గారి పెద్దావిడకు దూరపు చుట్టమై ఉంటుంది.

మిణుగురు
ఆదివారం, సాయంత్రం 5:12

చాలా దగ్గరి చుట్టమండీ.

ఎదురు మాట చెప్పిన రాకుమారి కూడా ఒకామె ఉంది. తకాహతా తీసిన ‘కగుయా రాకుమారి కథ’, 2013. జపాను వాళ్ళ పాత వెదురు కథే. పల్లెలో పెరిగిన పిల్లను రాజధానికి తెచ్చి, మర్యాదలు నేర్పే ఆవిడ దగ్గర పెడతారు. కనుబొమలు పీకేయాలంటే, చెమట కళ్ళలోకి కారుతుంది కదా అంటుంది. గొప్పింటి ఆడపిల్లలకు చెమట పట్టదు అంటుంది ఆవిడ. పళ్ళకు నల్లరంగు వేసుకోవాలంటే, నోరు తెరిచి నవ్వలేను కదా అంటుంది. గొప్పింటివాళ్ళు నోరు తెరిచి నవ్వరు. నేను ఆ దృశ్యాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఎదురు తిరగడం కూడా కాదు అది. కనుబొమలు ఎందుకున్నాయో చెబుతోంది, అంతే.

గణాంకం
ఆదివారం, సాయంత్రం 6:40

మార్కెట్టు గురించి ఒక్క ముక్క. 2012 నాటి ‘బ్రేవ్’లో కథానాయిక మెరిడాది చింపిరి జుట్టు, గుండ్రటి ముఖం, చేతిలో విల్లు. 2013లో ఆమెను డిస్నీ రాకుమార్తెల వరుసలో చేర్చేటప్పుడు నడుము సన్నం చేశారు, గౌనుకు మెరుపులు అద్దారు, విల్లు తీసేశారు. ఆ పాత్రను సృష్టించిన దర్శకురాలు బ్రెండా చాప్‌మన్ బాహాటంగానే అభ్యంతరం చెప్పింది. రెండు లక్షలమందికి పైగా నిరసన పత్రం మీద సంతకాలు చేశారు. ఆ తర్వాత సంస్థ వెబ్‌సైటులో మళ్ళీ పాత మెరిడా కనిపించింది. సినిమా వాళ్ళు ఒకటి తలిస్తే బొమ్మలు అమ్మేవాళ్ళు మరొకటి తలుస్తారు.

అర్ధరాత్రి దీపం
ఆదివారం, రాత్రి 9:30

అందరివీ చదివాను. కొన్ని రెండుసార్లు చదివాను. పడుకునే ముందు పిల్లను అడిగేశాను. పాఠం చెప్పలేదు. “నీకు ఆ బూట్లు ఎందుకు కావాలి?” అని మాత్రం అడిగాను. సన్నబడాలని అంటుందని, దానికి ఏమి చెప్పాలో సాయంత్రం నుంచి మనసులో కూడబలుక్కున్నాను.

అది అన్నది ఇది: “బూట్లు ఉంటేనే కదమ్మా వాళ్ళ నాన్నను వెతకడానికి అందరూ వచ్చారు. లేకపోతే ఒక్కతే వెతుక్కోవాలి.”

నేను కూడబలుక్కున్నదంతా గాలికి పోయింది.

ఎనిమిదో మరుగుజ్జు
ఆదివారం, రాత్రి 9:41

మీ అమ్మాయి విమర్శకురాలు అవుతుంది. మేము ఇరవై వ్యాఖ్యల్లో చెప్పలేనిది చెప్పింది. ఆ రాకుమారులు ఆమె వెంట పడింది అందం చూసే, తండ్రి కనిపించకుండా పోయినందుకు జాలిపడి కాదు. సినిమా దాన్ని దాచిపెట్టలేదు కూడా.

ఇద్దరికీ నాన్న
ఆదివారం, రాత్రి 9:50

బడిలో తనకు ఎవరైనా తోడు వస్తున్నారా, లేదా అని కనుక్కోండి. ఆ మాటలో నాకు సినిమా కంటే బడి ఎక్కువ వినిపించింది.

అర్ధరాత్రి దీపం
ఆదివారం, రాత్రి 9:58

నాకూ అలాగే వినిపించిందండీ. రేపు ఉదయం టీచరును కలుస్తున్నాను.

ఈలోగా దానితో కలిసి చూడటానికి చిన్నది ఏదైనా చెప్పండి. పొడుగాటి సినిమా వద్దు.

పాతకథల పెట్టె
ఆదివారం, రాత్రి 10:20

‘అగ్లీ డక్లింగ్’ చూపించండి, కానీ ఏదో తెలిసి చూపించండి. డిస్నీ దాన్ని రెండుసార్లు తీసింది. 1939లో తీసిన రంగుల చిత్రానికి ఆస్కార్ వచ్చింది, అందరికీ తెలిసింది అదే. ఆండర్సన్ 1843లో రాసినట్టే చివరికి పిల్ల హంసల్లో కలిసిపోతుంది. చిన్నప్పటి నుంచీ నాకు ఆ కథతో ఒక పేచీ ఉంది. అది హంస కాబట్టి బతికిపోయింది. నిజంగానే వికారమైన బాతు అయితే?

1931లో తీసిన నలుపు తెలుపు చిత్రంలో హంస లేదు. కోడి పొదిగిన గుడ్లలోంచి ఒక బాతుపిల్ల పుడుతుంది. కోడి దాన్ని తరిమేస్తుంది. పెద్ద సుడిగాలి వచ్చి, కోడిపిల్లలు నీళ్ళలో కొట్టుకుపోతూ జలపాతం వైపు వెళుతుంటే బాతుపిల్ల ఈదుకుంటూ వెళ్ళి కాపాడుతుంది. అప్పుడు కోడి అక్కున చేర్చుకుంటుంది. బాతు బాతుగానే ఉంటుంది. ఏడెనిమిది నిమిషాలు, అంతే.

మిణుగురు
ఆదివారం, రాత్రి 10:26

అబ్బ, ఇది నాకు తెలియదు. నేనూ చూస్తాను.

అర్ధరాత్రి దీపం
సోమవారం, రాత్రి 8:45

టీచరును కలిశాను. ఆ సంగతి ఇక్కడ రాయలేను, కానీ కలిసినందుకు మంచే జరిగింది.

ఇప్పుడే 1931 బొమ్మ చూశాం. ఒళ్ళో కూర్చుని చూసింది. కోడి తరిమినప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కాపాడినప్పుడు వదిలింది. చివర కోడి దగ్గరకు తీసుకున్నాక, హమ్మయ్య అనుకుని నేను ఫోను పక్కన పెట్టబోతుంటే అడిగింది:

“అమ్మా, ఆ గాలి రాకపోయుంటే?”

పాతకథల పెట్టె
సోమవారం, రాత్రి 9:10

యాభై ఏళ్ళుగా ఈ కథలు చదువుతున్నాను. ఈ ప్రశ్న నాకు తట్టలేదు. మీరు ఏమని చెప్పారు?

అర్ధరాత్రి దీపం
సోమవారం, రాత్రి 9:14

ఏమీ చెప్పలేదండీ. నువ్వయితే ఏం చేస్తావు అని అడిగాను. కాగితం, రంగు పెన్సిళ్ళు తెచ్చుకుని కూర్చుంది. ఇప్పటికి కోడి, ఆరు పిల్లలు, నీళ్ళు అయ్యాయి. గాలి వెయ్యనంటోంది.